‘గెట్’ వాడకం పట్టుబడాలంటే ఏం చేయాలి

ఇంగ్లిష్ నిఘంటువులో ‘గెట్’ దగ్గర తెరిస్తే అర్థాలు పేజీల కొద్దీ ఉంటాయి. ఆ జాబితాను బట్టీ పట్టడానికి కూర్చుంటే రెండో రోజుకే విసుగొస్తుంది. బట్టీ పట్టినా ఫలితం అంతంతే, ఎందుకంటే మాట్లాడేటప్పుడు పదిహేడో అర్థం ఏమిటో ఎవరికీ గుర్తురాదు. ఈ మాటకు సొంత బరువు బాగా తక్కువ. దాని వెనక ఏ రకం మాట వచ్చి కూర్చుందో అదే అర్థాన్ని తేలుస్తుంది. ఆ వెనకమాటను చూసే అలవాటు చేసుకుంటే, తెలుగులో మనం రోజూ వాడే క్రియలతో ‘గెట్’ను నేరుగా జత చేసుకోవచ్చు. కింది అడుగులన్నీ ఆ జతల కోసమే.

మొదటి అడుగు: వెనకమాట చూడండి

‘గెట్’ ఉన్న వాక్యం కనబడగానే దాని తర్వాతి మాట కింద గీత గీయండి. అది వస్తువు పేరైతే ‘దొరకడం, రావడం, అందడం, తేవడం’. గుణం చెప్పే మాటైతే ‘అవ్వడం’. చోటు చెప్పే మాటైతే ‘చేరడం’. ‘ఇట్’ ఒక్కటే ఉండి, అక్కడ తెచ్చుకునే వస్తువేదీ లేకపోతే ‘అర్థం కావడం’. ‘గాట్ ఎ లెటర్’, ‘గాట్ వెట్’, ‘గాట్ హోమ్’, ‘గాట్ ఇట్’ అనే నాలుగింటిలోనూ క్రియ మారలేదు. ఉత్తరం వచ్చింది, తడిసిపోయాడు, ఇంటికి చేరాడు, అర్థమైంది అని మన తెలుగు మాత్రం నాలుగు రకాలుగా మారింది.

ఒక పేపరు తీసుకుని ఇంగ్లిష్ వార్తలోనో కథలోనో ‘గెట్, గెట్స్, గాట్, గెటింగ్’ ఉన్న వాక్యాలు ఇరవై వెతికి ఇలా గీతలు గీస్తే చాలు, ఈ అడుగు పూర్తయినట్టే. కథలైతే సంభాషణలు ఎక్కువ కాబట్టి త్వరగా దొరుకుతాయి. ప్రభుత్వ ప్రకటనల్లో వెతికితే ఒక్కటీ దొరక్కపోవచ్చు, దానికీ కారణం ఉంది, తర్వాత చెప్పుకుందాం.

రెండో అడుగు: ‘నాకు’తో మొదలయ్యే వాక్యాలు

తెలుగువాళ్లకు ఎక్కువ లాభం, ఎక్కువ ప్రమాదం రెండూ ఇక్కడే. ‘నాకు ఉద్యోగం వచ్చింది’ అన్నప్పుడు తెలుగులో కర్త ఉద్యోగం. వచ్చింది అదే, మనం ‘నాకు’ అని పక్కన నిలబడతాం. ఇంగ్లిష్‌లో మనిషి ముందుకొచ్చి కర్త అవుతాడు: ‘ఐ గాట్ ఎ జాబ్’. కాబట్టి ‘నాకు/మాకు/ఆమెకు’తో మొదలై ‘వచ్చింది, దొరికింది, అందింది’తో ముగిసే వాక్యాన్ని చాలాసార్లు ‘ఐ/వి/షి గాట్’తో మొదలుపెట్టవచ్చు. నాకు ఒక ఐడియా వచ్చింది: ‘ఐ గాట్ యాన్ ఐడియా’. మాకు టికెట్లు దొరికాయి: ‘వి గాట్ టికెట్స్’. నీ మెసేజ్ అందింది: ‘ఐ గాట్ యువర్ మెసేజ్’.

ఇక్కడ జరిగే తప్పులు మూడు రకాలు.

ఒకటి, వస్తువును మింగేయడం. తెలుగులో ‘దొరికిందా?’ అంటే చాలు, ఏది దొరికిందో ఇద్దరికీ తెలుసు. అదే ధోరణిలో ‘డిడ్ యూ గెట్?’ అని ఆగిపోతాం. వినేవాడికి వాక్యం మధ్యలో తెగినట్టుంటుంది. ‘డిడ్ యూ గెట్ ఇట్?’ అనాలి. ఈ అర్థంలో ‘గెట్’ తర్వాత ‘ఇట్’ అయినా ‘దెమ్’ అయినా తప్పనిసరి.

రెండు, ‘ఎ’ మరచిపోవడం. ‘ఐ గాట్ ప్రమోషన్’, ‘ఐయామ్ గెటింగ్ హెడేక్’ అనేవి మన ఆఫీసుల్లో రోజూ వినబడతాయి. ‘ఐ గాట్ ఎ ప్రమోషన్’, ‘ఐయామ్ గెటింగ్ ఎ హెడేక్’ అనాలి. రెండో వాక్యానికి ‘తలనొప్పి మొదలవుతోంది’ అని అర్థం. పొద్దున్నుంచీ నొప్పి ఉంటే ‘ఐ హావ్ ఎ హెడేక్’.

మూడోది కాస్త లోతైనది. ‘వచ్చు’ను చూసి ప్రతిచోటా ‘గెట్’ పెట్టేయడం. నిద్ర వస్తోంది అంటే ‘ఐయామ్ గెటింగ్ స్లీప్’ కాదు. స్లీప్ అనేది వస్తువు పేరు, అక్కడ గుణం కావాలి: ‘ఐయామ్ గెటింగ్ స్లీపీ’. కోపం వచ్చింది అంటే ‘గాట్ యాంగర్’ కాదు, ‘గాట్ యాంగ్రీ’. నవ్వొచ్చింది అన్నప్పుడు ‘గెట్’ అసలు పనికిరాదు, ‘ఇట్ మేడ్ మీ లాఫ్’ అంటారు. గుర్తొచ్చింది అంటే ‘ఐ రిమెంబర్డ్’. తెలుగు వచ్చు అంటే ‘ఐ నో తెలుగు’. మన వాక్యంలోని ‘వచ్చు’ చేతికందే వస్తువు గురించో, కబురు గురించో, జబ్బు గురించో అయితే ‘గెట్ + పేరు’ నిలబడుతుంది. మనసులోనో ఒంట్లోనో కలిగే మార్పయితే గుణం చెప్పే మాట వెతుక్కోండి. నైపుణ్యమో జ్ఞాపకమో అయితే ‘గెట్’ను వదిలేయండి.

ఇదే కుదురులో ‘తెచ్చిపెట్టు’ అనే అర్థం కూడా ఉంది. మంచినీళ్లు తెచ్చిపెట్టు: ‘గెట్ మీ సమ్ వాటర్’. ముందు మనిషి, తర్వాత వస్తువు. వస్తువును ముందుకు తెస్తే ‘గెట్ సమ్ వాటర్ ఫర్ మీ’ అనాలి, ‘టు మీ’ కుదరదు. ‘గివ్’కు ‘టు’, ‘గెట్’కు ‘ఫర్’. చిన్నపిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండూ పక్కపక్కన పెట్టి చెబితే మళ్లీ తప్పు పోరు.

మూడో అడుగు: ‘అయ్యాను, అవుతోంది’

చీకటి పడుతోంది: ‘ఇట్స్ గెటింగ్ డార్క్’. ఆలస్యమవుతోంది: ‘ఇట్స్ గెటింగ్ లేట్’. అలసిపోయాను: ‘ఐ గాట్ టైర్డ్’. ఇవి సులువే. రెండు గుంటలు మాత్రం చూసుకోండి.

‘బోర్ కొట్టింది’ని ‘ఐ గాట్ బోర్’ అంటారు, అది ‘ఐ గాట్ బోర్డ్’. ఇంకొందరు ‘ఐ గాట్ బోరింగ్’ అంటారు. దానికి అర్థం వేరు: నా మాటలతో ఎదుటివాళ్లకే విసుగు పుట్టిస్తున్నానని మీ నోటితో మీరే ఒప్పుకున్నట్టు.

‘డాక్టరయ్యాడు’ అనడానికి ‘హి గాట్ ఎ డాక్టర్’ అంటే, వెళ్లి ఒక డాక్టర్ని పిలుచుకొచ్చాడని అర్థం వస్తుంది. మొదటి అడుగు గుర్తుందిగా, వెనక పేరు వస్తే ‘తేవడం’. వృత్తికీ పదవికీ ‘బికేమ్’ వాడాలి: ‘హి బికేమ్ ఎ డాక్టర్’.

నాలుగో అడుగు: మన ‘-ఇంచు’కు ఇంగ్లిష్ రూపం

కుట్టించు, వేయించు, తీయించు, దిద్దించు. ఒక్క అక్షరాల గుంపుతో ‘పని నేను చేయలేదు, వేరేవాళ్ల చేత చేయించాను’ అని తెలుగు తేల్చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ పని ‘గెట్’ చేస్తుంది, వరుస మాత్రం కచ్చితం: గెట్, ఆ తర్వాత వస్తువు, ఆ తర్వాత క్రియ మూడో రూపం.

బండి రిపేరు చేయించాను: ‘ఐ గాట్ మై బైక్ రిపేర్డ్’.
జాకెట్ కుట్టించింది: ‘షి గాట్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్’.
పన్ను పీకించుకున్నాడు: ‘హి గాట్ ఎ టూత్ పుల్డ్’.

‘ఐ గాట్ రిపేర్డ్ మై బైక్’ అని వరుస తారుమారు చేయడం మనలో బాగా వ్యాపించిన తప్పు. చేయించాను అనేది తెలుగులో ఒకే క్రియ కాబట్టి ‘గాట్ రిపేర్డ్’ను కూడా ఒకే ముద్దగా అనుకుంటాం. ఆ రెంటి మధ్య బండి దూరాలి. ‘గాట్’ అనగానే ఒక్క క్షణం ఆగి ‘ఏది?’ అని మీలో మీరు ప్రశ్న వేసుకోండి. జవాబు అక్కడ పెట్టి, ఆ తర్వాతే క్రియ చెప్పండి. ఆ ఆగడం పది పదిహేను వాక్యాలయ్యాక దానంతటదే పోతుంది.

ఎవరి చేత చేయించారో చెప్పాలంటే మధ్యలో మనిషి వస్తాడు, ‘టు’ కూడా వస్తుంది: ‘ఐ గాట్ ద మెకానిక్ టు ఫిక్స్ ఇట్’. అదే ‘మేక్’, ‘హావ్’ వాడితే ‘టు’ ఉండదు: ‘ఐ మేడ్ హిమ్ ఫిక్స్ ఇట్’, ‘ఐ హ్యాడ్ హిమ్ ఫిక్స్ ఇట్’. ఈ మూడింటి మధ్య రంగు తేడా కూడా ఉంది. ‘గాట్’లో బతిమాలో నచ్చజెప్పో ఒప్పించిన వాసన ఉంటుంది, ‘మేడ్’లో బలవంతం, ‘హ్యాడ్’లో మామూలుగా పని అప్పజెప్పడం. మొండికేసిన పిల్లాడి చేత అన్నం తినిపించారనుకోండి, ‘ఐ గాట్ హిమ్ టు ఈట్’ అంటే తల్లి పడ్డ తంటాలన్నీ అందులోకి వచ్చేస్తాయి.

ఐదో అడుగు: మనకు జరిగినవి

‘గాట్ ప్రమోటెడ్’, ‘గాట్ సెలెక్టెడ్’, ‘గాట్ స్టోలెన్’, ‘గాట్ మారీడ్’. పాఠ్యపుస్తకాలు కర్మణి వాక్యం అనగానే ‘-బడెను’ అని నేర్పుతాయి. ‘నేను ఎంపిక చేయబడితిని’ అని నోటితో అనే తెలుగువాడు లేడు. ఈ ‘గెట్’ రూపం మాత్రం సంభాషణలో సహజంగా ఉంటుంది, కాబట్టి మాట్లాడేటప్పుడు భయం లేకుండా వాడండి.

హద్దు ఒకటుంది. అనుకోకుండానో, ప్రయత్నం ఫలించో ఒక్కసారిగా జరిగిన సంఘటనకే ఇది నప్పుతుంది. ‘ఈ గుడి వెయ్యేళ్ల కిందట కట్టారు’ అనడానికి ‘గాట్ బిల్ట్’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, ‘వాజ్ బిల్ట్’ అనాలి. పెళ్లి విషయంలో ఇంకో చిక్కు: ‘గాట్ మారీడ్ విత్’ అని మనం ‘తో’ను అనువదిస్తాం, ఇంగ్లిష్‌లో ‘గాట్ మారీడ్ టు’ అంటారు.

ఆరో అడుగు: ఎక్కడం, దిగడం, చేరడం

ఆఫీసుకు చేరాను: ‘ఐ గాట్ టు ద ఆఫీస్’. ఇంటికి చేరాను: ‘ఐ గాట్ హోమ్’. హోమ్, హియర్, దేర్ అనే మూడింటికీ ముందు ‘టు’ రాదు.

బస్సు, రైలు, విమానం, ఓడలకు ‘గెట్ ఆన్’, ‘గెట్ ఆఫ్’. కారు, ట్యాక్సీలకు ‘గెట్ ఇన్’, ‘గెట్ అవుట్ ఆఫ్’. లోపల నిలబడి నడవగలిగితే ఆన్, ఆఫ్. వంగి దూరి కూర్చోవాల్సి వస్తే ఇన్, అవుట్. ఈ లెక్కన ఆటో రెండో జాబితాలోకి వస్తుంది. సైకిలు, గుర్రం వంటివి మీదెక్కేవి కాబట్టి వాటికీ ఆన్, ఆఫ్.

మన దేశంలో అందరూ అనే ‘గెట్ డౌన్’ సంగతి. ‘దిగు’లో కిందికి రావడం ఉంది కాబట్టి ‘డౌన్’ అన్నాం. భారతీయ ఇంగ్లిష్‌లో అది స్థిరపడిపోయింది, హైదరాబాద్ బస్సులో ‘నెక్స్ట్ స్టాప్ గెట్ డౌన్’ అంటే తప్పుపట్టాల్సిన పని లేదు. అమెరికాలోనో బ్రిటన్‌లోనో మాత్రం ‘గెట్ డౌన్!’ అని అరిస్తే వంగమనో, నేలమీద పడుకోమనో అనుకుంటారు. అక్కడికి వెళ్లేవాళ్లు ‘గెట్ ఆఫ్’కు నాలుక అలవాటు చేసుకుని వెళ్లడం మేలు.

ఏడో అడుగు: ‘హావ్ గాట్’, ‘గాట్ టు’

‘ఐ హావ్ గాట్ టూ సిస్టర్స్’ అంటే నాకు ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారని. ఇక్కడ ‘దొరకడం’ ఏమీ లేదు, ఉత్త ‘ఉండటం’. ఇది వర్తమానానికే చెల్లుతుంది. ఒకప్పుడు ఉండేది అనడానికి ‘హ్యాడ్’ చాలు.

‘ఐ హావ్ గాట్ టు గో’ అంటే వెళ్లక తప్పదు. ‘ఐ గాట్ టు గో’లో ‘హావ్’ లేదు, అప్పుడు ‘వెళ్లే అవకాశం దొరికింది’ అని అర్థం. చిక్కేమిటంటే వేగంగా మాట్లాడేటప్పుడు ఆ ‘హావ్’ అణగిపోయి రెండూ ఒకేలా వినబడతాయి. అప్పుడు చుట్టూ ఉన్న మాటలే దిక్కు. గడియారం చూసుకుంటూ ‘ఐ గాట్ టు గో’ అంటే వెళ్లక తప్పదన్నమాట. ‘లాస్ట్ ఇయర్ ఐ గాట్ టు గో టు కాశ్మీర్’ అంటే అదృష్టం కలిసొచ్చిందన్నమాట.

అమెరికాలో ‘గాటెన్’ అనే మూడో రూపం వినబడుతుంది. ‘షి హ్యాజ్ గాట్ ఎ కార్’ అంటే ఆమెకు కారు ఉంది, ‘షి హ్యాజ్ గాటెన్ ఎ కార్’ అంటే కొత్తగా కారు సంపాదించింది. బ్రిటన్‌లో రెండు చోట్లా ‘గాట్’ అనే అంటారు. మన బడుల్లో నేర్పేదీ అదే. ఏ పద్ధతైనా పరవాలేదు, ‘ఐ గాటెన్’ అని హావ్ లేకుండా మాత్రం అనకండి.

ఎనిమిదో అడుగు: పుట్టుక చూసి గుర్తుపెట్టుకోండి

నిఘంటువులో ‘గెట్’ దగ్గర పుట్టుక చెప్పే వరుసలో మధ్యకాల ఇంగ్లిష్, దాని ముందు ప్రాచీన నార్స్ ‘గెతా’ అని ఉంటుంది. నార్స్ అంటే స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు మాట్లాడిన భాష. 793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడితో వాళ్లు ఇంగ్లండు చరిత్రలోకి దూసుకొచ్చారు. 865లో పెద్ద సైన్యంతో దిగి, మరుసటి ఏడాదే యార్క్‌ను పట్టుకున్నారు. తర్వాత అక్కడే భూములు దున్నుకుంటూ స్థిరపడ్డారు. ఇరుగుపొరుగుగా బతికితే అరువొచ్చే మాటలు ఇంట్లోవే అవుతాయి: ఎగ్, స్కిన్, స్కై, విండో, టేక్, చివరికి ‘దే’ అనే సర్వనామం కూడా వాళ్ల నుంచి వచ్చినవే. ‘గెట్’ ఆ గుంపులోది.

అంతకుముందు ఇంగ్లిష్‌లో ఈ ధాతువు లేకపోలేదు. విడిగా వాడేవారు కాదు, ముందు ఉపసర్గ తగిలించి వాడేవారు. ఇప్పటి ‘ఫర్‌గెట్’, ‘బిగెట్’ అలా మిగిలినవే. పైగా ఆ కాలంలో అందులోని ‘గ’ను ‘య’లా పలికేవారు. ఇప్పుడు మనం గట్టిగా ‘గ’ అంటున్నామంటే అది నార్స్ ప్రభావం. ‘ఫర్‌గెట్’ను విడదీసి చూడండి: ‘ఫర్’కు ఇక్కడ పోగొట్టుకోవడం అనే భావం, ‘గెట్’ అంటే పట్టు. పట్టు జారితే మరుపు. ‘బిగెట్’ అంటే సంతానాన్ని కనడం. 1611 నాటి ఇంగ్లిష్ బైబిలులో మత్తయి సువార్త మొదట్లో వరుసగా వచ్చే ‘బిగ్యాట్’ అనేది ‘బిగాట్’కు పాతరూపం, తెలుగు బైబిలులో అక్కడ ‘కనెను’ అని ఉంటుంది.

ఇంకా వెనక్కి వెళితే ‘పట్టుకోవడం’ అనే అర్థమున్న మూలధాతువు దొరుకుతుంది. లాటిన్‌లో అదే ‘ప్రెహెండెరె’ అయింది, దాన్నుంచి ‘కాంప్రిహెండ్’ వచ్చింది. అంటే ‘డు యూ గెట్ ఇట్?’లోని గెట్‌కూ కాంప్రిహెండ్‌కూ దూరపు చుట్టరికం ఉంది. విషయాన్ని పట్టుకోవడమే అర్థం కావడం. ‘కిటుకు పట్టేశాడు’ అని మనమూ అంటాం కదా. ఈ అర్థంలో ‘ఐయామ్ నాట్ గెటింగ్ యూ’ అనడం మన దగ్గర మామూలే కానీ, బయట ‘ఐ డోంట్ గెట్ ఇట్’ అనే అంటారు.

తొమ్మిదో అడుగు: ఎక్కడ వాడకూడదో తెలుసుకోండి

1066లో ఫ్రాన్స్‌లోని నార్మండీ నుంచి నార్మన్లు వచ్చాక ఇంగ్లండులో దర్బారు, కోర్టుల భాష ఫ్రెంచి అయింది. రిసీవ్, అబ్‌టెయిన్, అరైవ్ ఆ దారిలో వచ్చాయి. అందుకే ఈనాటికీ ఉత్తరప్రత్యుత్తరాల్లో ఆ మాటలు పెద్దరికంగా, ‘గెట్’ ఇంటిమాటగా వినబడతాయి. ‘దొరికింది’కీ ‘లభించింది’కీ ఉన్న తేడా ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ప్రభుత్వ ప్రకటనల్లో ‘గెట్’ కనబడకపోవడానికి కారణం ఇది.

దరఖాస్తు, ఫిర్యాదు, పరిశోధన వ్యాసం రాస్తుంటే చివర్లో ‘గెట్’ కోసం వెతికి మార్చండి. అందింది అంటే రిసీవ్, ప్రయత్నించి సంపాదిస్తే అబ్‌టెయిన్, చేరితే అరైవ్ లేదా రీచ్, మారితే బికమ్. ‘హావ్ గాట్’ ఉంటే ‘హావ్’ చాలు. తోటి ఉద్యోగికి పంపే మెయిల్లో మాత్రం ఈ మార్పు వద్దు. ‘ఐ గాట్ యువర్ మెయిల్’ అని రాసుకునేవాళ్ల మధ్య ‘ఐ యామ్ ఇన్ రిసీట్ ఆఫ్’ అంటే కోపమొచ్చిందేమో అనుకుంటారు.

పదో అడుగు: జంటమాటలు, కొద్దికొద్దిగా

గెట్ అప్, గెట్ ఓవర్ వంటివి వందల్లో ఉన్నాయి. వారానికి నాలుగు మించి ఎత్తుకోకండి. మొదట వీటితో మొదలుపెట్టండి: జబ్బు నుంచో దిగులు నుంచో కోలుకుంటే ‘గెట్ ఓవర్’, చాలీచాలని డబ్బుతో నెట్టుకొస్తే ‘గెట్ బై’, ఇద్దరికీ పొసిగితే ‘గెట్ ఎలాంగ్’, తప్పు చేసి శిక్ష తప్పించుకుంటే ‘గెట్ అవే విత్’, గట్టెక్కినా ఫోను కలిసినా ‘గెట్ త్రూ’, వదిలించుకుంటే ‘గెట్ రిడ్ ఆఫ్’, కనుక్కుని మళ్లీ చెబుతానంటే ‘గెట్ బ్యాక్ టు’. ‘వేక్ అప్’ అంటే మెలకువ రావడం, ‘గెట్ అప్’ అంటే మంచం దిగడం. ఆరింటికి వేక్ అప్, ఏడింటికి గెట్ అప్ అయ్యేవాళ్లకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు.

ప్రతి జంటకూ మీ ఇంటి సంగతితో ఒక వాక్యం రాసి, నోటితో రెండుసార్లు అనండి. అనేటప్పుడు ‘గెట్’ను విడగొట్టకండి. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే రెండూ కలిసిపోతాయి: ‘గెట్ అప్’ అనేది ‘గెటప్’. అమెరికన్ల నోట ఆ ‘ట’ మెత్తబడి ‘డ’కు దగ్గరవుతుంది, ‘గెట్ ఇట్’ ‘గెడిట్’లా వినబడుతుంది. మీరు అలా పలకాల్సిన అవసరమేమీ లేదు కానీ, ఆ శబ్దం చెవికి పరిచయం లేకపోతే సినిమాలోనో ఫోన్‌లోనో ‘గెట్’ వచ్చిన సంగతే తెలియకుండా వాక్యం దాటిపోతుంది.